సాగర్ కాలువ వెంట ఇంటి చదువు



పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే కుటుంబాల గురించి, ఆ చదువులో ఊళ్ళు తిరగడానికి ఉన్న చోటు గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను. మాది ప్రకాశం జిల్లా దర్శి. మా ఆయన పత్తి, మిరప సాగు చేస్తారు. మా పాపకూ బాబుకూ ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నాం. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా మొదట అడిగేది ఒకటే. "అదేంటమ్మా, బడి మానిపించారా?" అని. మానిపించడానికీ ఇంట్లో చదివించడానికీ తేడా చాలా పెద్దదండీ. మా ప్రాంతంలో అది పిల్లల బతుకులకు సంబంధించిన తేడా కూడా. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ముందు చట్టం మాట చెప్పాలి, ఎందుకంటే చాలామందికి భయం అక్కడే. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు చదువు హక్కు అంది. బిడ్డను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టంలో పదో సెక్షను చెబుతుంది. చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం రాయలేదు. ఇంటి చదువును పేరు పెట్టి ఒప్పుకున్నదీ లేదు, కాదన్నదీ లేదు. కనక ఇంట్లో చదివే పిల్లలకు పరీక్షల దారి ఓపెన్ స్కూలే. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 1989లో, మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం 1991లో మొదలయ్యాయి. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు. మధ్యలో మనసు మారి బడికి పంపాలనుకుంటే, చట్టంలోని నాలుగో సెక్షను ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఈ రెండు దారులూ ఉన్నాయని రూఢి చేసుకున్నాకే మేం ఈ పనికి దిగాం.

ఇంటి చదువు కొత్తగా పట్నాల నుంచి దిగిన వింత అనుకుంటారు. కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ప్రెసిడెన్సీలో చదువు ఎట్లా సాగుతోందో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఉత్తరాలు పంపాడు. 1826లో ఆయన రాసిన నివేదికలో ఒక్క మద్రాసు పట్నంలోనే ఇళ్ళల్లో చదువుకునే పిల్లలు 26,903 మంది అని ఉంది. అది అక్కడి బడి పిల్లలకు దాదాపు అయిదింతలు. ఈ అంకెలో పొరపాటు ఉండవచ్చని మన్రోయే రాశాడు. అయినా బంధువులో సొంత పంతులో ఇంట్లో చదువు చెప్పడం ఈ దేశంలో ఏ మూలా అరుదు కాదని కూడా రాశాడు. ఆ ఇళ్ళు ఎవరివి, ఆ పిల్లల్లో ఆడపిల్లలెంతమంది అన్నది మరో ప్రశ్న. మద్రాసు లెక్కలో ఇంట్లో చదివిన ఆడపిల్లలు 517 మందే.

మన కాలంలో ఇంటి చదువు అనగానే హైదరాబాదు అమ్మాయి నైనా జైస్వాల్ పేరు చెబుతారు. ఎనిమిదేళ్ళకే పదో తరగతి పూర్తి చేసిందనీ, టేబుల్ టెన్నిస్‌లో దేశం తరఫున ఆడిందనీ పత్రికల్లో చదివాం. ఆ అమ్మాయి శ్రమకు దండం పెడతాను. కానీ నేను వెతికింది ఆ వేగం కాదు. నాకు కావలసింది తీరిక. ఏ కాలంలో చూడవలసింది ఆ కాలంలో చూసే వీలు.

ఒక్కసారి ఆలోచించండి. బడికి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ పన్నెండు దాకా ఉంటాయి. ఆ రోజుల్లో మా దగ్గర ఏముంటుంది? కాలువ ఎండిపోయి ఉంటుంది. పత్తి మోళ్ళు పీకేసి ఉంటారు. ఎండ పిల్లల్ని బయట అడుగు పెట్టనివ్వదు. పత్తి తీతలు దసరా నుంచి సంక్రాంతి దాకా. మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పొగాకు బ్యారన్లు మండేది కూడా ఆ నెలల్లోనే. అవే బడి పిల్లలు పరీక్షల కోసం తల ఎత్తకుండా కూర్చునే నెలలు. అంటే మా నేల మీద నేర్చుకోవడానికి ఏదైనా జరుగుతున్న కాలమంతా పిల్లలు గదిలో ఉంటారు, ఏమీ జరగని కాలంలో బయటికి వస్తారు. ఇంటి చదువు వల్ల మాకు దక్కిన అసలు లాభం ఈ కేలెండరు మార్పు. ఇంకా ఏవైనా లాభాలుంటే దీని తర్వాతే.

మా చదువు ఎక్కువగా నాగార్జునసాగర్ కుడి కాలువ చుట్టూ తిరిగింది. ఆగస్టులోనో సెప్టెంబరులోనో నీళ్ళు వదిలారని కబురు రాగానే పిల్లలు టేపు, నోటుపుస్తకం తీసుకుని నాతో బయల్దేరతారు. వంతెన మీద నిలబడే చూడాలి, గట్టు అంచుకు పోకూడదన్నది మా ఇంట్లో కచ్చితమైన షరతు. సిమెంటు చేసిన వాలు మీద నాచు ఉంటుంది. కాలు జారితే ఈత వచ్చినవాళ్ళకు కూడా పైకి రావడం కష్టం. ఒడ్డు పొడవునా ముప్పై మీటర్లు పెద్దవాళ్ళు కొలిచి రెండు గుర్తులు పెడతారు. వంతెన మీద నుంచి ఒక చెక్క ముక్కను నీళ్ళలో వేస్తాం. మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు ఎన్ని సెకన్లలో చేరిందో చూస్తే వేగం వస్తుంది. పైన నీళ్ళు అడుగు నీళ్ళకన్నా వేగంగా పోతాయి కనక దాన్ని 0.85తో హెచ్చవేయాలి. లోతు ఎంతో గోడ మీద గీసిన గేజి చెబుతుంది. సగటు వెడల్పు, లోతు, వేగం మూడూ హెచ్చవేస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో తేలుతుంది. దాన్ని 35.3తో హెచ్చవేస్తే క్యూసెక్కులు. పేపర్లో రోజూ కనిపించే ఆ మాటకు అర్థం మా పిల్లలకు అక్కడ తెలిసింది. ఒక క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. మన వంటింటి బిందెలు దాదాపు రెండు నిండుతాయి. తమ లెక్క తేలాక కాలువ లస్కరును అడుగుతారు, ఇవాళ ఎంత వదిలారని. ఆయన చెప్పినదానికీ తమ లెక్కకూ తేడా ఎందుకొచ్చిందో ఇంటికొచ్చేదాకా వాదించుకుంటారు. దశాంశాల హెచ్చవేతలు కూర్చోబెట్టి చేయిస్తే రాని శ్రద్ధ ఆ వాదంలో వచ్చింది.

ఇదే కాలువ దగ్గరికి మేలో కూడా తీసుకెళ్ళాను. అడుగున పగిలిన మట్టి, ఎండిన గుర్రపుడెక్క, అక్కడక్కడా గుంటల్లో చేపపిల్లలు. నీళ్ళున్నప్పుడు కనిపించని తూములన్నీ అప్పుడు కనిపించాయి. కొన్ని తూములు ఉండవలసినదానికన్నా పెద్దవిగా ఉన్నాయని మా బాబే పట్టుకున్నాడు. పైవాళ్ళు ఎక్కువ తీసుకుంటే చివరి ఆయకట్టుకు ఎంత మిగులుతుంది? మేం చివరి ఆయకట్టు వాళ్ళమే. ఆ లెక్క మా ఇంటి అప్పుల్లో ఉంది. వాళ్ళ నాన్న ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి వివరంగా చెప్పారు. చూసిన చోటికే మళ్ళీ వెళ్ళాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఒక్క రోజులో అయిదు ఊళ్ళు చుట్టి ఫొటోలు దిగి వచ్చే యాత్ర కన్నా, ఒకే చోటును రెండు కాలాల్లో చూడటం పిల్లలకు మేలు.

కాలువ ఎక్కడి నుంచి వస్తోంది అన్న ప్రశ్న పుట్టాక సాగర్ వెళ్ళకుండా కుదరలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. డ్యాము గేట్లు 26. కుడి కాలువ పొడవు 203 కిలోమీటర్లు. ఈ అంకెలన్నీ బోర్డుల మీద ఉంటాయి, పిల్లలు రాసుకున్నారు. వాళ్ళను కదిలించింది మాత్రం వేరే సంగతి. ఆ జలాశయం అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడి పంతులుగారు అక్కడ ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. దానితోనే ఆ లోయ సంగతి లోకానికి తెలిసింది. నాకు ఈ కథంటే చాలా గౌరవం. దారిలో అందరూ చూసి వదిలేసిన రాయి దగ్గర ఒక పంతులు ఆగాడు. తర్వాత డ్యాము కట్టాలనుకున్నప్పుడు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, దొరికిన శిల్పాలను, కట్టడాలను కొండ మీదికి, అనుపు అనే చోటికి తరలించారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి. మ్యూజియం ఉన్నది అక్కడే, లాంచీలో వెళ్ళాలి. శుక్రవారం సెలవు. మ్యూజియంలో పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు లేదు. అనుపులో మళ్ళీ పేర్చిన రంగస్థలం ఉంది. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే పై మెట్ల దాకా వినబడుతుంది. ధ్వని పాఠానికి అంతకు మించిన చోటు మా చుట్టుపక్కల లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా పాప అడిగింది. "అయితే అమ్మా, మన పొలానికి నీళ్ళు రావడానికి వాళ్ళ ఊళ్ళు మునిగిపోయాయా?" అవును తల్లీ అన్నాను. ఆ లోయలో ఇక్ష్వాకుల నాటి ఊరే కాదు, నిన్నమొన్నటి ఊళ్ళు కూడా ఉండేవని, అక్కడివాళ్ళు ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళారని చెప్పాను. ఆ నీళ్ళు రాకముందు మా దర్శి ఎలా ఉండేదో కూడా చెప్పాను. సజ్జ, జొన్న, వరిగ, ఆముదం పండించుకునే మెట్ట. తాగడానికి బావి నీళ్ళు, అందులో ఫ్లోరైడు. అప్పుడు దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ నెల్లూరు జిల్లాలో మనుషుల ఎముకలు బిగుసుకుపోయే జబ్బుకు కారణం నీళ్ళలోని ఫ్లోరైడే అని రాశారు. మన దేశంలో ఆ జబ్బు గురించి వచ్చిన తొలి పరిశోధనల్లో అదొకటి. మా వైపు పెద్దవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ చూడొచ్చు. అందుకే కాలువ నీళ్ళతో నింపే మంచినీటి చెరువు మాకు అంత ముఖ్యం. ఒక ఊరు మునగడం, ఇంకో ఊరు నిలబడటం రెండూ ఒకే నీటి సంగతి అని పదకొండేళ్ళ పిల్లకు తెలియడం మంచిదే అనుకుంటాను. ఏ తరగతి పుస్తకంలోనూ ఈ రెండూ ఒకే పేజీలో నాకు కనబడలేదు.

పొలం చదువు ఇంకో రకం. 2021-22 పంటకాలంలో మిరప పూతలో నల్ల తామర పురుగు పడింది. త్రిప్స్ పార్విస్పైనస్ అని దాని శాస్త్రీయ నామం. ఆగ్నేయాసియా పురుగు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తోటలకు తోటలే దున్నేశారు. ఆ పురుగును భూతద్దంలో చూపించి, ఒక పువ్వులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించి, పది పూల సగటు తీయించాం. నీలిరంగు జిగురు అట్టలు ఎందుకు కడతారో, నీలిరంగే ఎందుకో అడిగి తెలుసుకున్నారు. కల్లంలో వంద కిలోల పండుకాయ ఎండితే పాతిక నుంచి ముప్పై కిలోలు మిగులుతుంది. కాయను నిలువునా చీలిస్తే లోపల గింజలు అంటుకున్న తెల్లని కండ ఉంటుంది చూశారా, ఘాటు పుట్టేది అక్కడే. గింజలో అనుకుంటాం మనం. తాలు కాయలను ఎందుకు వేరు చేస్తారో, టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి చూసి ధర ఎలా కడతారో గుంటూరు మిర్చి యార్డులో చూపించాం. గుంటూరు పక్కనే లాం. మా నాన్నల కాలం నుంచి మా వైపు వేసే ఎల్‌సీఏ 334 రకం పుట్టింది అక్కడి పరిశోధన స్థానంలో. పత్తి లెక్కా ఇంతే. క్వింటా పత్తి జిన్నింగు చేస్తే దూది 33 నుంచి 35 కిలోలు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజే. బేలుకు 170 కిలోల దూది కావాలి. ఒక బేలుకు ఎన్ని క్వింటాళ్ళ పత్తి పోయాలి? ఈ లెక్క మా బాబు మిల్లు దగ్గర వేలితో ఇసుకలో వేశాడు. మిల్లు లోపలికి మాత్రం చిన్నపిల్లల్ని తీసుకెళ్ళకండి. దూది దుమ్ము, యంత్రాలు రెండూ ప్రమాదం. గేటు దగ్గర నిలబడి చూసినా చాలు.

ఇంకా చాలా చోట్లు ఉన్నాయి, పేర్లు మాత్రం చెబుతాను. దొనకొండ దగ్గర చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డు కొండ మీద శాతవాహనుల నాటి మహాస్తూపం ఉంది. 1964లో వి.వి. కృష్ణశాస్త్రిగారు దాన్ని వెలుగులోకి తెచ్చారు. అద్దంకి పేరు చెబితే పండరంగని శాసనం. తొమ్మిదో శతాబ్దంలో, నన్నయకు రెండువందల ఏళ్ళ ముందే, రాతి మీద తరువోజ పద్యం చెక్కారు. అదే గుండ్లకమ్మ మీద ఎగువన కంభం చెరువు, విజయనగర కాలం నాటిది. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేరింది. మార్కాపురంలో పలకరాయి గనులు. ఎన్ని తరాల తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దిన పలకో అది, మన నేలలోంచే పొరలు పొరలుగా విడదీసి తీశారు. చీమకుర్తి నల్లరాయి సంగతి చెప్పనక్కర్లేదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి సముద్రంలో కలిసేదాకా గుండ్లకమ్మ వెంట వెళ్తే ఏడాది చదువు సరిపోతుంది. వీటిలో చాలావాటికి ఆర్టీసీ బస్సో ఆటోనో చాలు.

ఇప్పుడు మొదట చెప్పిన తేడా దగ్గరికి వస్తాను. మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మా వైపు వస్తాయి. పొలాల పక్కనే గుడారాలు వేసుకుంటారు. వాళ్ళ పిల్లలు కూడా వస్తారు. మా పాప వయసు పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని కాయలు కోస్తుంటే, మా పాప పక్కనే నోటుపుస్తకంలో కాయ బొమ్మ వేసుకుంటూ నిలబడింది. ఇద్దరూ బడిలో లేరు. ఒకరు చదువుతున్నారు, ఒకరి చదువు పోయింది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి "పొలం కూడా బడే" అనేవాళ్ళ మీద నాకు చాలా కోపం. పొలంలో చూడటం చదువు. పొలంలో కూలికి వంగడం చదువు కాదు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా చిన్నప్పుడు బడిలో కులం పేరున అవమానాలు పడి, వాటినన్నిటినీ దాటి పంతులయ్యాడు, మహాకవి అయ్యాడు. బడి గడప కోసం అంత పోరాడినవాళ్ళ నేల ఇది. ఇంటి చదువు గురించి మాట్లాడేవాళ్ళెవరూ బడిని తక్కువ చేసి మాట్లాడకూడదని నా గట్టి అభిప్రాయం. నాకు తీరిక ఉంది, చదువుకున్నదాన్ని, మా ఆయన ఒప్పుకున్నారు. ఈ మూడూ అందరి ఇళ్ళలో ఉండవు. ఇంటి చదువు బరువంతా చివరికి తల్లి మీదే పడుతుందన్నది కూడా నిజం. ఆ సంగతి ముందే మాట్లాడుకోని ఇల్లు ఈ పనికి దిగకపోవడం మంచిది. పిల్లలకు తోటిపిల్లలు కావాలి. సాయంత్రం ఊరి పిల్లలతో ఆట వదిలేది లేదని మేం పెట్టుకున్నాం.

బడికి పంపే తల్లిదండ్రులకు నేను అడిగేది ఇది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేని చదువు ఉండాలని చెప్పింది. మీ ఊరి బడిలో ఆ రోజులు ఎప్పుడో హెడ్‌మాస్టరు గారిని అడగండి. ఆ రోజుల్ని వేసవికి తోయకుండా పత్తి తీతల్లోనో మిరప కోతల్లోనో పెట్టమనండి. కాలువ చూపించడానికి లస్కరును, కల్లం చూపించడానికి మీ ఊరి రైతును పిలవండి. ఆదివారం ఒక్క పూట మీరే తీసుకెళ్ళండి. బయల్దేరే ముందు పిల్లల చేత ఒక్క ప్రశ్న రాయించండి. ఆరు నెలల తర్వాత అదే చోటికి, అదే నోటుపుస్తకంతో మళ్ళీ వెళ్ళండి.

ఇంకొక్క మాట. ఈ కోతల కాలంలో మీ పొలం పక్క గుడారంలో బడి ఈడు పిల్లలు కనిపిస్తే, దగ్గర్లోని ప్రభుత్వ బడి హెడ్‌మాస్టరుకు ఆ రోజే చెప్పండి. టీసీ లేదనో, ఏడాది మధ్యలో వచ్చారనో వాళ్ళను కాదనడానికి చట్టం ఒప్పుకోదు. బిడ్డ చేత బలవంతంగా పని చేయిస్తున్నారని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. రాత్రయినా పగలయినా పలుకుతారు, డబ్బులు పడవు.